డోలు కొట్టే చేతికి వాచీ

డోలు వాయించేవాడికి వాచీ ఎందుకని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ముప్పై ఏళ్ళుగా వాచీ లేకుండానే వాయించాను. పెళ్ళిళ్ళలో టైము చూసుకోవడం పంతులుగారి పని, ఆయన వాయించమన్నప్పుడు వాయించడం నా పని. మరి యాభై ఆరో ఏట ఈ షోకేమిటని ఆవిడ అనుమానం. షోకేనని ఒప్పేసుకున్నాను. అసలు సంగతి చెప్పడం కంటే షోకులమారి అనిపించుకోవడమే తేలిక.

అసలు సంగతి ఏమిటంటే నా ఎడమ చెవి పోయింది. ముందు కీచుమని ఒక మోత మొదలై కొన్నాళ్ళు ఉంది. తర్వాత ఆ మోతా పోయింది, దానితో పాటు మిగతా చప్పుళ్ళూ పోయాయి. శ్రీకాకుళంలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్తే ఏం పని చేస్తావని అడిగాడు. చెప్పాను. "ఇన్నాళ్ళు ఆగిందంటే గొప్పే" అన్నాడు. నరం దెబ్బతింది, తిరిగి రాదు, మిషను పెట్టుకో అన్నాడు. మిషను ధర విన్నాక నా కుడి చెవి కూడా కాసేపు పనిచెయ్యలేదు. డబ్బు సంగతి అలా ఉంచండి. చెవిలో మిషనుతో డోలు ముందు కూర్చుంటే పెళ్ళికొచ్చినవాళ్ళు పెళ్ళికూతుర్ని మానేసి నన్నే చూస్తారు. చెవిటి డోలు అని పేరు పడితే ఇంకంతే. మా వైపు ఒకసారి పేరు పెట్టారంటే కాటిదాకా అదే పేరు.

మా మేళంలో ఉన్నది ఇద్దరమే. సన్నాయి మా బావది, అంటే మా ఆవిడ అన్నగారిది. డోలు నాది. శ్రుతికి కరెంటు పెట్టె ఉంది. పెళ్ళిళ్ళు మాట్లాడేదీ, పక్కన ఎవరు వాయించాలో తేల్చేదీ బావే. మనిషి వెన్న, మేళం దగ్గర మాత్రం రాయి. నాకంటే ముందు ఆయన పక్కన ఒక పెద్దాయన డోలు వాయించేవాడు. ఆయన వేళ్ళు పట్టు తప్పుతున్నాయని తెలిసిన రోజు బావ చాలా మర్యాదగా "కొన్నాళ్ళు రెస్టు తీసుకో మావా" అన్నాడు. ఆ పెద్దాయన పోయేదాకా రెస్టులోనే ఉన్నాడు. నా భయమల్లా అదే. నాకు డోలు తప్ప ఇంకో పని రాదు. వచ్చినా ఈ వయసులో చేసే ఓపిక లేదు, చెయ్యాలనీ లేదు. అందుకని ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు, ఎందుకంటే ఆవిడకి చెబితే అన్నగారికి చెప్పినట్టే.

దాచడం అనుకున్నంత కష్టం కాదు. అవతలివాళ్ళు నవ్వితే నవ్వాలి, మొహం ముడుచుకుంటే మనమూ ముడుచుకోవాలి, ఏమీ తేలకపోతే కిటికీలోంచి బయటికి చూడాలి. సన్నాయి నా ఎడం పక్కనే కూర్చుంటుంది కాని అది ఎలాగూ ఊరంతా వినపడే వాయిద్యం, కుడి చెవితో నెట్టుకొచ్చేవాణ్ణి. పైగా బావ కూడా ఈ మధ్య నాతో మాటలు తగ్గించాడు. వయసు మీద పడుతోంది, మనిషి ముభావంగా మారుతున్నాడు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకది కలిసొచ్చింది.

చిక్కంతా ముహూర్తం దగ్గరే వచ్చింది. జీలకర్ర బెల్లం పెట్టే నిమిషానికి పంతులుగారు గట్టిమేళం అని కేకేస్తారు. ముందు డోలు లేవాలి, దాని వెంట సన్నాయి అందుకోవాలి, జనం అక్షింతలు వెయ్యాలి. ఇదివరకు కేక వినపడకపోయినా ఆయన ఎత్తిన చెయ్యి కనపడేది. ఇప్పుడు నాకూ ఆయనకూ మధ్య వీడియోవాళ్ళు, ఫొటోవాళ్ళు, గొడుగుల్లాంటి లైట్లు, ఫోన్లు పైకెత్తిన చుట్టాలు. చెయ్యి కనపడదు, కేక వినపడదు. పోయిన ఏడు ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం పెట్టేశాక కూడా నేను నెమ్మదిగా తాళం వేసుకుంటూ కూర్చున్నాను. బావ నా మోకాలి మీద పొడిస్తే గాని తెలియలేదు.

"ఏటి బావా, నిద్రోయేవా?" అన్నాడు తర్వాత.

రాత్రి నిద్ర లేదని ఏదో చెప్పాను. నమ్మాడు. ఇంకోసారైతే నమ్మడు. అప్పుడు తట్టింది నాకు వాచీ సంగతి. ముహూర్తం శుభలేఖలో గంటలు నిమిషాలతో సహా అచ్చేసే ఉంటుంది. ఆ నిమిషం నా చేతి మీదే కనపడుతుంటే పంతులుగారి కేకతో నాకేం పని? ఫోను చూసుకోవచ్చు కదా అంటారేమో. మేళం వాళ్ళది పంచె, కండువా. పంచెకు జేబుండదు. రొంటిన దోపుకుంటే డోలు అదురుకి పది నిమిషాల్లో జారి కిందపడుతుంది. అలా రెండు ఫోన్లకి అద్దాలు పగలగొట్టుకున్నాను.

వాచీలో ఉన్న కష్టం నాకు తెలియనిది కాదు. నా పెళ్ళికి మావగారు పెట్టిన వాచీ రెండు నెలలు బతికింది. ఒక చేత్తో పుల్ల, ఇంకో చేతి వేళ్ళకి గట్టి తొడుగులు, గంటకి ఎన్ని దెబ్బలు పడతాయో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు కాని ఆ అదురుకి మంచి మంచి వాచీలే ప్రాణం వదిలేస్తాయి. పైగా చెమట. తోలు బెల్టయితే వారానికి కుళ్ళు వాసన, ఇనప గొలుసయితే మణికట్టు ఒరుసుకుపోతుంది. కాబట్టి నాకు కావలసింది అదురుకి ఆగాలి, చెమటకి ఆగాలి, తేలిగ్గా ఉండాలి, వాయిస్తూ ఓరకంట చూస్తే నిమిషంతో సహా కనపడాలి. ఇవన్నీ పదిహేను వందల్లో కావాలి. అంతకు మించితే మా ఆవిడ షోకు అనదు, పిచ్చి అంటుంది.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దాటాక ఒక సందులో పాత వాచీల కొట్టుంది. కంటికి అద్దం బిగించుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. కావలసింది చెప్పాను. ముందు బంగారు రంగు గొలుసు వాచీ ఒకటి తీశాడు, చూడటానికి కన్నుల పండుగే. చేతికి పెట్టుకుని, అడక్కుండానే ఆయన బల్ల మీద ఆదితాళం మొదలెట్టాను.

"ఏటి బాబూ, నా బల్లేటి సేసింది?" అన్నాడు ముసలాయన.

"వాచీ ఆగుతాదో ఆగదో సూస్తన్నానండీ. నా పని ఇదే."

ఆయనకి కోపం రాలేదు సరికదా, సరదా పుట్టింది. బల్ల మీద చిన్న స్క్రూలూ సెల్లులూ ఎగరకుండా ఒక డబ్బాలో ఎత్తేసి, "కానీండి" అని చేతులు కట్టుకున్నాడు. రెండు నిమిషాలు దరువేసి చూస్తే గొలుసు వాచీ ముళ్ళు బాగానే ఉన్నాయి, గొలుసు మాత్రం ఊడి డయలు తిరగబడి మణికట్టు కిందికి పోయింది. రెండోది రేడియం ముళ్ళ వాచీ. దానికి తేదీ చూపించే చిన్న కిటికీ ఉంది. నా దరువుకి ఆ కిటికీలో తేదీ సగంలోకి జారి ఇరవై రెండుకీ ఇరవై మూడుకీ మధ్య నిలబడిపోయింది. ముసలాయన దాన్ని తీసి వెనక్కి పెడుతూ, ఇది అమ్మిన కంపెనీవాడు ఏనుగు తొక్కినా పోదన్నాడు, ఏనుగు నయం అన్నాడు.

ఈ లోపల కొట్టు ముందు జనం పోగయ్యారు. వాయించే చెయ్యి వట్టినే ఆగదు కదా, నేనూ కొంచెం ముక్తాయింపులు అవీ వేశాను. టీ కొట్టువాడు టీ తెచ్చి ఇచ్చాడు. ఎవరో స్మార్ట్ వాచీ పెట్టి చూడమన్నారు. ముసలాయన ఒకటి తీశాడు, చవకదే, పన్నెండు వందలు. నల్లగా, నాజూగ్గా, పెద్ద పెద్ద అంకెలతో ఉంది. మనసు దాని మీదికి పోయింది. పెట్టుకుని దరువేశాను. మూడు నిమిషాలకి అది చేతి మీద గజగజలాడి, వెలిగి, ఏదో ఇంగ్లీషులో రాసింది. ముసలాయన అద్దం పెట్టుకుని చదివి చెప్పాడు, రెండు వేల అడుగులు నడిచేసినందుకు మెచ్చుకుంటోందట.

"కూకున్నోణ్ణి నడిసేవంటాది, ఇది నాకు టైమేటి సెప్తాది?" అన్నాను.

"ఒక్క పెళ్ళి వాయిస్తే కాశీ ఎల్లొచ్చేవంటాదండీ," అన్నాడాయన. జనం పగలబడి నవ్వారు. రోజూ చార్జింగు పెట్టాలని కూడా తెలిసి దాన్ని ఇచ్చేశాను.

చివరికి ఆయన సొరుగు అడుగునుంచి ఒక అంకెల వాచీ తీశాడు. నల్ల ప్లాస్టిక్కు, నల్ల రబ్బరు బెల్టు, నాలుగు పక్కలా నాలుగు మీటలు. తూకం లేదు. హైస్కూలు పిల్లలు పెట్టుకునే రకం. పట్టు పంచె మీదకి అది ఎలా ఉంటుందో తలచుకుంటేనే నాకు సిగ్గేసింది. అందులో ముళ్ళే లేవు కనక అదిరిపోవడానికి ఏమీ లేదు, నీళ్ళ బకెట్లో పడేసినా పోదు, సెల్లు నాలుగైదేళ్ళు వస్తుంది, బెల్టు తెగితే ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది అని చెప్పాడు. పది నిమిషాలు బాదాను. నా వేళ్ళు నొప్పెట్టాయి కాని అది సెకన్లు ఒకటీ ఒకటీ లెక్కపెట్టుకుంటూనే ఉంది. తొమ్మిది వందల యాభైకి ఇచ్చాడు. తన ఫోను చూసి టైము సరిచేసి మరీ ఇచ్చాడు. అందం కొరుక్కు తింటామా అనుకుని ఇంటికి వచ్చాను. మా ఆవిడ చూసి, షోకు అంటే ఇదా అని జాలిపడింది.

మూడో రోజునే కళింగపట్నం దగ్గర ఒక పల్లెలో పెళ్ళి. పగలు పది నలభై రెండుకి ముహూర్తం. పందిట్లోకి సముద్రపు గాలి కొడుతోంది, ఎండు చేపల వాసన గాలితో వచ్చి పోతోంది. నేను మాత్రం రెండేళ్ళలో ఎన్నడూ లేనంత ధీమాగా కూర్చున్నాను. కెమెరావాళ్ళు వచ్చి గోడ కట్టినట్టు నిలబడితే లోపల్లోపల నవ్వుకున్నాను. నిలబడండి నాయనా, మీ ఇష్టం.

వాచీలో పది నలభై ఒకటి అయింది. చేతులు సర్దుకున్నాను. నలభై రెండు పడిన సెకను మీద గట్టిమేళం ఎత్తాను. నా మీద నాకే ముచ్చటేసేంత బాగా పడింది. డోలు లేచిందంటే పంతులుగారు కేకేసినట్టే కాబట్టి బావ సన్నాయి అందుకున్నాడు. జనం లేచి నిలబడి అక్షింతలు కురిపించారు. అప్పుడు ఇద్దరు కెమెరావాళ్ళ మధ్య సందులోంచి పంతులుగారి మొహం కనపడింది. ఆయన కళ్ళు బయటికి వచ్చేలా ఉన్నాయి. జీలకర్ర బెల్లంతో పైకి లేచిన పెళ్ళికొడుకు చేతిని మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుని ఉన్నాడు. రెండో చేత్తో నా వైపు వేళ్ళు చూపించాడు. ఐదు, మళ్ళీ ఐదు. పది నిమిషాలు.

నా గుండె జారి డోలులో పడింది. చేతులు ఆపబోయాను. పంతులుగారు వద్దు వద్దని తల ఊపి, కొనసాగించమని గాల్లో సున్నాలు చుట్టాడు. ఆయన తెలివికి ఇప్పటికీ దణ్ణం పెడతాను. మేళం ఆగితే తప్పు జరిగిందని అందరికీ తెలుస్తుంది, అపశకునం అంటారు, ఆడపెళ్ళివాళ్ళు ఏడుస్తారు. ఆగకపోతే ఏ గొడవా లేదు, గట్టిమేళం కాస్త పొడుగు, అంతే. అలా పది నిమిషాలు వాయించాం. రెండు నిమిషాలు వాయిస్తేనే ఒళ్ళు తడిసిపోయే మేళం అది. అక్షింతలు మొదటి నిమిషంలోనే అయిపోయాయి. జనం కిందపడినవి ఏరుకుని మళ్ళీ వేశారు. కొందరు కూర్చుని మళ్ళీ లేచారు. పెళ్ళికొడుకు చెయ్యి దించబోయాడు కాని పంతులుగారు వదల్లేదు. బావ మొహం వంకాయ రంగుకి తిరిగింది. ఒక్క చూపు చూశాడు నన్ను. ఆ చూపులో నా రెస్టు నాకు స్పష్టంగా కనపడింది.

అసలు పది నలభై రెండుకి పంతులుగారు చెయ్యి వదిలారు, జీలకర్ర బెల్లం పడింది, పెళ్ళి సలక్షణంగా జరిగింది. ఆడపెళ్ళివాళ్ళ పెద్ద వచ్చి, "మా ఊళ్ళో ఇలాటి మేళం ఎవులూ ఇన్లేదు" అని ఇద్దరికీ కొత్త కండువాలు కప్పాడు. పంతులుగారు మాత్రం నా పక్క నుంచి పోతూ ఏదో అన్నారు. ఎడమ పక్క నుంచి పోయారు కాబట్టి ఏమన్నారో తెలియదు. మంచి మాట అయ్యుండదు.

భోజనాలయ్యాక ఇద్దరం వాయిద్యాలు తీసుకుని రోడ్డు మీద బస్సు కోసం షెల్టరులో కూర్చున్నాం. మధ్యాహ్నం రెండు. బావ ఇంకా ఆయాసపడుతున్నాడు. నేను మా ఆవిడకి ఫోను చేసి, కుడి చెవికి ఆనించుకుని, వాచీని ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాను.

"నానే ముట్టుకున్నాను," అంది గర్వంగా. "మన గోడ గడియారం కన్నా పది నిమిషాలు ఎనక తిరుగుతున్నాది. కొత్త వాచీ అలగుంటే ఎలగ? మీటలు నొక్కి నొక్కి సరిసేసేను."

మా గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకి పెట్టింది ఆవిడే. బస్సు తప్పిపోకూడదని ఎప్పుడో పదేళ్ళ కింద పెట్టింది. ఇప్పుడు ఆ సంగతి ఆవిడ మరిచిపోయింది, దాన్నే సత్యప్రమాణంగా పెట్టుకుని కొత్త వాచీని దిద్దింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ వరస. ఫోను పెట్టేసి బావకి ఇదంతా నవ్వుతూ చెప్పాను. గండం గడిచినట్టే అనిపించింది, తప్పు నాది కాదు, వాచీది, వాచీది కూడా కాదు, ఆయన చెల్లెలిది.

బావ నవ్వలేదు.

"వాచీ తప్పయితే అయింది," అన్నాడు. నా వైపు తిరిగి, గట్టిగానే అన్నాడు. "నువ్వెత్తగానే పంతులు గొంతు సించుకుని అరిసేడు, ఇంకా అవనేదు, ఆపండి అని. నాకు ఇనపడ్డాది. నువ్వాపుతావని సూసేను. నీకెందుకు ఇనపళ్ళేదు?"

అబద్ధం ఏదైనా దొరుకుతుందేమో అని వెతికాను. ఒక్కటీ మిగల్లేదు. రోడ్డు మీద ఒక్క ఆటో కూడా రావడం లేదు.

"ఎడమ సెవి లేదు బావా," అన్నాను. "పోయింది. డాక్టరు రాదన్నాడు. నువ్వు డోలు మానిపిస్తావని సెప్పలేదు."

అనేశాక సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది. అయ్యిందేదో అయ్యింది, ఇంక మర్యాదగా రెస్టు మాట అంటాడని తల వంచుకుని కూర్చున్నాను. బావ సన్నాయి సంచీ ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"డోలు కొట్టేది సేతుల్తో," అన్నాడు. "ఎవుడు మానమన్నాడు? పంతులు అరిస్తే నాను పొడుస్తాను, నువ్వు లెగు. అంతే కదా." సంచీ తాడు ముడేస్తూ అడిగాడు, "ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు దాటింది."

"రెండేళ్ళు దాటిందా? ఎడమదేనా?"

"ఎడమదే."

బావ లెక్కపెడుతున్నట్టు వేళ్ళు మడిచాడు. తర్వాత నా మొహంలోకి చూడకుండా రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. రెండేళ్ళ కింద విజయనగరంలో పెళ్ళి వాయించి బస్సులో తిరిగి వస్తున్నాం. నేను కిటికీ దగ్గర, ఆయన నా ఎడమ పక్కన. ఆ రోజు ఆయన ఇంటిదగ్గర మంచి రోజు చూసుకుని బయల్దేరాడట. మీ గుంటని మా ఓడికి ఇస్తావా బావా, అని మా అమ్మాయిని తన కొడుక్కి అడిగాడట. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నానట.

మా వాళ్ళలో పిల్లనడిగితే ఎవరూ లేదని చెప్పరు. ఇష్టం లేకపోతే మాట్లాడకుండా ఊరుకుంటారు. ఊరుకున్నవాణ్ణి రెండోసారి అడగడం అంత తక్కువతనం ఇంకోటి లేదు. బావ అడగలేదు. సొంత మేనత్త కూతురు ఉండగా అన్నయ్య కొడుక్కి ఒక్క మాటైనా అడగలేదని మా ఆవిడ ఆరు నెలలు కుమిలింది. నేనూ మనసులో పెట్టుకున్నాను. తర్వాత పిల్లని వేరే వాళ్ళకి ఇచ్చాం. అల్లుడు బంగారం లాంటివాడు, దానికేం లోటు లేదు. బావ కొడుక్కీ పెళ్ళయిపోయింది. మా అమ్మాయి పెళ్ళికి సన్నాయి వాయించింది బావే. పైసా తీసుకోలేదు, భోజనానికి ఉండలేదు. వేరే ఊళ్ళో పనుందేమో అనుకున్నాను.

బస్సు కనపడింది, ఇంకా దూరంలో ఉంది.

"అడిగుంటే ఇచ్చేవోణ్ణి బావా," అన్నాను.

"అడిగేను కదా బావా," అన్నాడు.